అదెల్తేనే నానెల్తాను



వానాకాలం మొదలై బళ్ళు కుదుటపడేసరికి మన శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి, మందస మండలాల హైస్కూళ్లలో నోటీసు బోర్డు చుట్టూ పిల్లలు మూగుతారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ సెలక్షన్ల కాగితం వచ్చిందన్నమాట. అండర్-14, అండర్-17, అండర్-19. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఏ తేదీన ఏ ఊళ్ళో, ఎన్నింటికి. ఆ సెలక్షన్లలో నెగ్గిన పిల్లల గురించి తర్వాత బోలెడుమంది మాట్లాడతారు. పేపర్లో ఫొటో పడుతుంది, హెడ్మాస్టారు ప్రార్థనలో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. ఈ పూట నేను మాట్లాడదలచింది, ఆ పిల్ల పక్కన నిన్నటిదాకా ఆడిన ఇంకో పిల్ల గురించి. బిడ్డ జట్టు మారితే ఆ బిడ్డ స్నేహాలు ఏమవుతాయి, విడిచి వెళ్ళిన జట్టు ఏమవుతుంది, రెండిళ్ళలోనూ ఏం జరుగుతుంది అన్నది.

ఈ ఒడిశా సరిహద్దు మండలాల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా, పనిచేసి రిటైరైనవాణ్ని. మైదానం పక్కన ఈల పట్టుకుని నిలబడ్డవాడికి ఆట కన్నా ముందు కనిపించేది, ఎవరు ఎవరి పక్కన కూర్చుని బూట్లు విప్పుతున్నారన్నదే. ఆ గమనికలతోనే ఈ నాలుగు మాటలు.

పట్నాల్లో జట్టు మారడం అంటే, తల్లిదండ్రులు ఒక అకాడమీ మాన్పించి ఇంకో అకాడమీలో ఫీజు కట్టడం. మన ఈ ఉద్దానం ప్రాంతంలో అలా కోరి మార్చేవాళ్ళు తక్కువ. ఇక్కడ పిల్లల్ని అడక్కుండానే జట్లు మారిపోతాయి. ఐదో తరగతి అవగానే ఒకడు ఊరి హైస్కూలుకు వస్తాడు, ఇంకొకడికి గురుకులంలో సీటొస్తుంది, మూడోవాడు నవోదయ రాసి వెన్నెలవలస పోతాడు, వాళ్ళ చెల్లి కస్తూర్బా విద్యాలయంలో చేరుతుంది. 2022లో కొన్నిచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ లెక్క మళ్ళీ మార్చారు. మార్చినప్పుడల్లా చిన్నపిల్లల గుంపులు చీలి, మళ్ళీ కొత్తగా కూడాయి. నాన్నకు హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పని దొరుకుతుంది, ఇల్లంతా కదులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక ఎన్ని కుటుంబాలు తాళం వేసుకుపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, అందాకా పొయ్యి వెలగాలి కదా. పెద్దవాళ్ళు దాన్ని వలస అన్నారు. ఐదో తరగతి పిల్లాడి లెక్కలో అది, రేపట్నుంచి మన జట్టుకు కూతకు వెళ్ళేవాడు లేడు అన్న సంగతి.

వయసు హద్దు ఇంకొక కత్తెర. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరిలో ఒకడు అండర్-14లోకి వస్తాడు, ఇంకొకడు ఒక్క రోజు తేడాతో అండర్-17లోకి పోయి, మీసాలొచ్చిన కుర్రాళ్ళ మధ్య పడతాడు. కెనడాలో 1985లో రోజర్ బార్న్‌స్లీ అనే ఆయన ఐస్ హాకీ జట్లను పరిశీలించి, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే మంచి జట్లలో ఎక్కువగా ఉన్నారని చూపించాడు. హద్దు జనవరి ఒకటి గనక, జనవరిలో పుట్టినవాడు డిసెంబరువాడి కన్నా దాదాపు ఏడాది ముదురు. మన దగ్గర ఆ లెక్క వేద్దామంటే కుదరదు. బడిలో పేరు రాసిన మాస్టారి దయవల్ల మా తరంలో సగం మందిమి జూన్ నెలలోనే పుట్టాం.

ఇక సెలక్షన్ల తమాషా ఒకటుంది. మండల స్థాయిలో బారువ పిల్లలు, సోంపేట పిల్లలు జుట్లు పట్టుకునేంత పనిచేస్తారు. పై మెట్టుకు వెళ్ళేసరికి ఆ ఇద్దరూ ఒకే జట్టు. జిల్లా జట్టు కట్టేసరికి టెక్కలివాడు, ఆమదాలవలసవాడు, ఇచ్ఛాపురంవాడు ఒకే గదిలో చాపలు పరుచుకుంటారు. నిన్న కాలు లాగినవాడే ఇవాళ తన దుప్పటి సగం ఇస్తాడు. ఈ భాగం చూసే మనం మురిసిపోతాం, ఆటల వల్ల స్నేహాలు పెరుగుతాయని ఉపన్యాసాలిస్తాం. అబద్ధం కాదు. కానీ అది సెలక్టయిన పన్నెండు మంది కథ. వాళ్ళతో పాటు బస్సెక్కి వెళ్ళి, పేరు రాక, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చినవాళ్ళ కథ వేరు. వెళ్ళేటప్పుడు ఒకే సీట్లో ఇద్దరు. వచ్చేటప్పుడు కిటికీ పక్క ఒకడే.

కబడ్డీ చూసేవాళ్ళకు తెలుసు. కోర్టులో ఏడుగురు నిలబడతారు. మూలనున్న కార్నర్, పక్కనున్నవాడి చెయ్యి పట్టుకుని జోడీగా కదులుతాడు. రైడర్ లోపలికొచ్చాక ఏ క్షణంలో చెయ్యి వదిలి కాలు అందుకోవాలన్నది నోటితో చెప్పుకునే తీరిక ఉండదు. పట్టిన వేళ్ళ బిగువును బట్టి తెలుస్తుంది. ఇది రావడానికి మా పిల్లలకు రెండేళ్ళు, మూడేళ్ళు పట్టేది. అలాంటి జోడీలో ఒకణ్ని తీసుకుని ఒకణ్ని వదిలేస్తే, మిగిలినవాడు మామూలు ఆటగాడైపోతాడు. కొత్తవాడి చెయ్యి పట్టుకుంటాడు, వేళ్ళు ఏమీ చెప్పవు. సెలక్షన్ రోజున ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కలిపి ఆడించి, వీడిలో పస లేదని రాసేస్తాం. ఆ కలం నేనూ పట్టినవాణ్నే కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

మగపిల్లలకు ఇంతటితో సరి. కొన్నాళ్ళు ముభావంగా ఉంటారు, ఫోన్లో ముఖం పెట్టుకుంటారు, తర్వాత తోటల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ జట్టు ఇంకొకటి దొరుకుతుంది. ఆడపిల్లల సంగతి అలా కాదు. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఆ మాట చెప్పడానికి.

జిల్లా సెలక్షన్‌కు శ్రీకాకుళం వెళ్ళాలంటే సోంపేట నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. పొద్దున్న తొమ్మిదింటికి మైదానంలో ఉండాలంటే తెల్లారగట్లే బయల్దేరాలి. తిరిగొచ్చేసరికి చీకటి. మెయిన్ రోడ్డు మీద దిగాక ఊళ్ళోకి ఆటో దొరకాలి, దొరక్కపోతే తోటల మధ్య దారి. ‘నువ్వు బాగా ఆడతావమ్మా, వస్తావా’ అని ఏ పిల్లను అడిగినా మొదటి జవాబు ఒకటే: ‘అదెల్తేనే నానెల్తాను మాస్టారూ.’ ఇంటికెళ్ళి తల్లిని అడిగితే, ‘ఆ గుంట ఎల్లకపోతే మా గుంటని ఒక్కదాన్నీ ఎలాగ పంపుతాం మాస్టారూ, మీరే సెప్పండి’ అంటుంది. దీన్ని చాదస్తం అని కొట్టిపారేసే ఉద్యోగులను చూశాను. నాకు చాదస్తంగా తోచలేదు. ఆ ఇంట్లో మగదిక్కు చెన్నైలోనో, గుజరాత్ వెరావల్ రేవులోనో ఉంటాడు. తల్లి జీడి కార్ఖానాకు వెళ్తుంది. కిలో లెక్కన కూలి. పిల్ల వెంట ఒక రోజు వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని ఇద్దరు తల్లులూ మాట్లాడుకుంటారు. ఈసారి నువ్వెళ్ళు, మళ్ళీసారి నేనెళ్తాను. ఆటో బాడుగ చెరి సగం. ఒకరి టిఫిన్ డబ్బాలో ఇద్దరి పులిహోర. మనం జట్టు అని పిలిచేదాని అడుగున రెండు కుటుంబాల మధ్య ఇలాంటి ఒప్పందం ఒకటి ఉంటుంది. ఏ రిజిస్టరులోనూ కనపడదు.

ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒక పిల్లకు హాస్టలు సీటొచ్చింది, లేదా పై జట్టులో పేరొచ్చింది అనుకోండి. వెళ్ళిన పిల్ల మొదటి నెలలు ఏడుస్తుంది, సర్దుకుంటుంది. ఇక్కడ మిగిలిన పిల్లకు స్నేహితురాలు పోయింది, వెంట వచ్చే పెద్దమనిషి పోయింది, సగం ఆటో డబ్బు పోయింది, ఇంట్లో దొరికే అనుమతి కూడా దానితోనే పోయింది. నెల తిరక్కుండా ఆట మానేస్తుంది. నివేదికలో మనం రాసే మాట, ‘ఆసక్తి తగ్గినది’. ఆసక్తి ఎక్కడ తగ్గిందండీ? ఆ పిల్ల బడి అయ్యాక గేటు దగ్గర నిలబడి కబడ్డీ కోర్టు వైపు చూస్తూనే ఉంటుంది.

మన జిల్లా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే కరణం మల్లీశ్వరి కథను ఒకసారి ఈ కోణంలోంచి చూడండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. నాన్న రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. నీలంశెట్టి అప్పన్న మాస్టారి దగ్గర బరువులెత్తడం నేర్చిన పిల్లల్లో మొదట పేరు తెచ్చుకున్నది అక్క. చెల్లి సన్నగా ఉందని, ఇది నీకు పడదు, ఇంట్లో అమ్మకు సాయం చేసుకోమని మొదట్లో వెనక్కి పంపేశారని మల్లీశ్వరే తర్వాత చెప్పుకున్నారు. తల్లి మాత్రం పట్టుబట్టింది. 1990లో ఆసియా క్రీడల ముందు జాతీయ శిబిరానికి వెళ్ళింది అక్క. చెల్లి అక్కతో పాటు, చూడ్డానికి. ఆ శిబిరంలో ఉన్న లియొనిద్ తరనెంకో, 1980 మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌కు స్వర్ణం తెచ్చిన బలశాలి, ఈ పిల్ల ఎవరని ఆరా తీశాడు. అక్కడి నుంచి దారి మారింది. పదేళ్ళు తిరిగేసరికి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 ఎత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ.

ఈ కథ చెప్పినప్పుడల్లా పట్టుదల అంటారు, తల్లి ధైర్యం అంటారు. రెండూ నిజమే. దాన్లో ఇంకొకటి ఉంది. ఊసవానిపేట పిల్ల అంత దూరం ఒంటరిగా వెళ్ళలేదు. వెంట అక్క ఉంది. అక్క లేకపోతే ఆ శిబిరం గేటు దాటేదేనా?

అలాగే షటిల్ ఆడే కిడాంబి సోదరులు. గుంటూరు నుంచి అన్న నందగోపాల్ ముందు వెళ్ళాడు, వెనక తమ్ముడు శ్రీకాంత్ హైదరాబాదు గోపీచంద్ అకాడమీకి చేరాడు. అదే తమ్ముడు 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇలా అక్క వెంట చెల్లి, అన్న వెంట తమ్ముడు వెళ్ళిన కథలు మన తెలుగు ఆటల్లో ఊరికే రాలేదు. పరాయి జట్టులో మొదటి ఆరు నెలలు నిలబడడానికి ఇంటి మనిషి ఒకరు దగ్గరుంటే చాలు.

అందరికీ అక్క ఉండదు, ఉన్నా ఆట ఆడదు. అప్పుడు కొత్త స్నేహం కుదరాలి. అది కుదురుతుందా? కుదురుతుంది, టైము ఇస్తే. అమలాపురం షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ తండ్రి మావాడే, వ్యాయామ ఉపాధ్యాయుడు. హైదరాబాదు అకాడమీకి వచ్చాక 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్, ఆ కుర్రాణ్ని ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జతకట్టమన్నాడు. వీడికి హిందీ అంతంతమాత్రం, వాడికి తెలుగు రాదు. ఇద్దరూ పొడుగు, ఇద్దరికీ వెనక నుంచి గట్టిగా కొట్టడమే ఇష్టం, నెట్ దగ్గర ఎవరు నిలబడాలో తేలదు. మొదట్లో ఇద్దరికీ ఇష్టం లేని జోడీ. ఆ జోడీయే 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, అదే నెల ప్రపంచ నంబర్ వన్ అయింది. మధ్యలో ఏడేళ్ళున్నాయి. మన సెలక్షన్లలో కొత్త జోడీకి మనం ఇచ్చేది ఒక పూట.

క్రీడా పాఠశాలల మాట కూడా చెప్పాలి. హైదరాబాదు దగ్గర హకీంపేట బడి 1993లో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణది. మనకు కడప దగ్గర పుట్లంపల్లి బడి ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పసివాళ్ళు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడ్డ చోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు, అన్నీ కొలుస్తారు, మార్కులేస్తారు. ఈ బిడ్డ ఎవరితో ఆడుకుంటాడు, ఎవరు పక్కనుంటే నిద్రపోతాడు అని అడిగే గడి మాత్రం ఆ ఫారంలో నేను చూడలేదు. ఇచ్ఛాపురం, కవిటి నుంచి కడప అంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు. ఆ బళ్ళ మీద నాకు పగలేదు. పేదింటి పిల్లకు మూడు పూటల తిండి, బూట్లు, కోచ్ దొరికే చోటు అది. ఒక మండలం నుంచి ఒక్కణ్నే తీసుకునే బదులు, మార్కులు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడైనా ఒకే ఊరి ఇద్దర్ని తీసుకుంటే మధ్యలో పారిపోయి వచ్చేవాళ్ళు తగ్గుతారని నా నమ్మకం.

ఈ విషయంలో నవోదయవాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఉంది. తొమ్మిదో తరగతి పిల్లల్లో సుమారు 30 శాతం మందిని ఒక ఏడాది వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. తెలుగు పిల్లలు హిందీ ప్రాంతానికి, అక్కడివాళ్ళు ఇక్కడికి. ఆటల మాస్టారుకు అది పెద్ద చిక్కే. కట్టుకున్న జట్టులో మూడోవంతు పోయి, ‘కూత’ అంటే ఏంటో తెలియని కుర్రాళ్ళు దిగుతారు. అయినా అది నడుస్తోంది. ఎందుకంటే ఒక్కణ్ని పంపరు, గుంపుగా పంపుతారు. తిరిగొచ్చే తేదీ ముందే తెలుసు. వెళ్ళినవాడి మంచం, జట్టులో వాడి చోటు, రెండూ వాడివే. మన హాస్టల్ సీట్లకు, వలస వెళ్ళే ఇళ్ళకు ఆ రెండూ ఉండవు.

పిల్లల ఆటల్లో స్నేహం విలువను ఇతర దేశాలవాళ్ళు మనకన్నా ముందు గుర్తించారు. నార్వే క్రీడా సమాఖ్య 1987లోనే పిల్లల ఆటలకు వేరే నియమాలు రాసుకుంది, 2007లో వాటికి పిల్లల హక్కులన్న పేరు పెట్టింది. పదకొండేళ్ళు వచ్చేదాకా పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ప్రకటించకూడదు. పదమూడేళ్ళ లోపు పిల్లలకు జాతీయ చాంపియన్‌షిప్ ఉండదు. ఆటలో స్నేహం కూడా పిల్లవాడి హక్కే అని రాసుకున్నారు. అంత చిన్న దేశం శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాల పట్టిక పైన ఉంటుంది మరి. ఫుట్‌బాల్‌వాళ్ళ ఫిఫా నియమం ఇంకా తమాషాగా ఉంటుంది: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లవాణ్ని ఒక దేశపు క్లబ్బు నుంచి ఇంకో దేశపు క్లబ్బుకు మార్చకూడదు. అమ్మానాన్నలు ఆ దేశానికి కాపురం మారితే మార్చవచ్చు, అదీ ఫుట్‌బాల్ కోసం మారి ఉండకూడదు. ఈ హద్దు దాటినందుకు 2014లో బార్సెలోనా అంతటి క్లబ్బును శిక్షించారు. అదే నియమంలో సరిహద్దు ఊళ్ళకు ఒక వెసులుబాటు కూడా ఉంది. దేశం గీతకు 50 కిలోమీటర్ల లోపు ఇల్లు, 50 లోపు క్లబ్బు ఉంటే పిల్లవాడు ఇంటి నుంచే వెళ్ళి అవతల ఆడుకోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు మన ఇచ్ఛాపురం గుర్తొచ్చింది. అవతల ఒడిశా బరంపురం దగ్గర్లోనే. ఇవతల ఒడియా మాట్లాడే ఇళ్ళు, అవతల తెలుగు మాట్లాడే ఇళ్ళు. పిల్లలు ఆడుకునేటప్పుడు ఏ రాష్ట్రమో అడగరు. సెలక్షన్ల కాగితం అడుగుతుంది.

అమెరికాలో అమాండా వైసెక్ అనే పరిశోధకురాలి బృందం సాకర్ ఆడే పిల్లల్ని, వాళ్ళ కోచ్‌లను, తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఆట ఎందుకు బాగుంటుందో చెప్పమంది. 81 కారణాలు వచ్చాయి. వాటిలో గెలుపుది 48వ చోటు. తోటివాళ్ళతో మెలగడం, కోచ్ మంచితనం లాంటివి చాలా పైన ఉన్నాయి. మా పిల్లలను ఎవరూ అలా కూర్చోబెట్టి అడగలేదు. అడిగితే మొదటి కారణం ఏం చెప్తారో ఈ ప్రసంగం పేరులోనే ఉంది.

ఇప్పుడు పెద్దవాళ్ళ తగువుల దగ్గరకొస్తాను. పలాస కాశీబుగ్గలో, టెక్కలిలో ఈ మధ్య షటిల్ కోచింగ్‌లు వచ్చాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటాయి. ఏదో ఒక రోజు ఒక తండ్రికి, మావాణ్ని సరిగ్గా చూడట్లేదు అనిపిస్తుంది, వేరే కోచ్ దగ్గర చేర్పిస్తాడు. ఆటో సగం ఖాళీ. మిగిలినవాళ్ళకు బాడుగ పెరుగుతుంది. ‘ఒక్కమాట చెప్పకుండా మానేశారు’ అని ఒక ఇంట్లో, ‘మావాడు బాగా ఆడుతుంటే ఓర్వలేరు’ అని ఇంకో ఇంట్లో. పెళ్ళి పిలుపుల్లో పేరు జారిపోయేదాకా వెళ్తుంది. ఇక పిల్లలకు ఆజ్ఞ: వాళ్ళతో ఆడకు. ఆ పిల్లలు బడిలో చాటుగా కలుసుకుని టిఫిన్ పంచుకుంటూనే ఉంటారు. మీరు కోచ్‌ను మార్చుకోండి, తప్పు లేదు. మార్చే ముందు ఆ ఆటోలో కూర్చునే మిగతా ఇంటివాళ్ళకు వారం ముందు చెప్పండి. తగువులో సగం అక్కడే ఆగిపోతుంది.

ఇంట్లో ఉండిపోయిన రెండో బిడ్డను కూడా చూడండి. పెద్దవాడు క్రీడా పాఠశాలకు వెళ్ళాడు, వాడి బూట్లు, వాడి సర్టిఫికెట్లు, వచ్చినవాళ్ళందరికీ వాడి కబుర్లు. చిన్నవాడు అన్న వదిలేసిన వాలీబాల్‌ను గోడకేసి కొట్టుకుంటూ ఉంటాడు. ఎవరూ పట్టించుకోరు.

సంక్రాంతి వస్తే మాత్రం లెక్కలన్నీ మారిపోతాయి. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, హాస్టళ్ళ నుంచి పిల్లలంతా దిగుతారు, ఊరూరా పోటీలు. మూడేళ్ళుగా కలిసి ఆడని కుర్రాళ్ళు పాత చోట్లలో నిలబడతారు, పది నిమిషాల్లో పాత మాటలు, పాత తిట్లు వచ్చేస్తాయి. జట్టు మారిన పిల్లవాడికి ఇంతకన్నా మంచి మందు లేదు. కానీ ఈ మధ్య ప్రైజు మనీ పెరిగింది. ఫైనల్ కొట్టాలని బయటి నుంచి డబ్బిచ్చి ఆటగాళ్ళను దింపుతున్నారు. ఏడాదంతా ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసిన ఊరి కుర్రాడు నీళ్ళ బాటిళ్ళు అందిస్తాడు. ఇది నాకు ఏమాత్రం నచ్చదు. కమిటీలవాళ్ళు వింటుంటే, కనీసం పదిహేడేళ్ళ లోపు పిల్లల పోటీల్లోనైనా ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళే ఆడాలని నియమం పెట్టండి. వలస వెళ్ళినవాడి ఇల్లు కూడా ఇల్లే. తాళం వేసి ఉన్నా సరే.

‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలు గుర్తున్నాయా? 2023 డిసెంబరు 26న మొదలై, 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగిశాయి. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు, ఐదు ఆటలు, గ్రామ సచివాలయానికో జట్టు. దాని మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వారిది. నేను చూసింది ఒకటుంది. రెండు మూడు చిన్న ఊళ్ళకు ఒకే సచివాలయం ఉన్నచోట, పండగ పోటీల్లో కొట్టుకునే ఊళ్ళవాళ్ళు ఒకే జెర్సీ వేసుకోవలసి వచ్చింది. ఎవరు కెప్టెన్ అన్నదాని మీద రెండు రోజులు పంచాయితీ. మూడో రోజుకు కలిసి చేపల కూర వండుకున్నారు. పెద్ద పిల్లలు అలా సర్దుకోగలరు. పదేళ్ళవాళ్ళ దగ్గర అంత నేర్పు ఉండదు, పక్కన పెద్దవాళ్ళుండి కుదర్చాలి.

నాతోటి పీఈటీలకు, పీడీలకు ఒక విన్నపం. సెలక్షన్ పేర్లు మైదానం మధ్య నిలబెట్టి చదవకండి. రానివాణ్ని ముందు పక్కకు పిలిచి, ఎందుకు రాలేదో రెండు మాటలు చెప్పండి. కబడ్డీలో, ఖోఖోలో జోడీగా ఆడేవాళ్ళను కనీసం ఒక ఆట కలిపి ఆడించి చూడండి. ఒక పిల్ల జట్టు విడిచి వెళ్తుంటే, ఆమె వెళ్ళకముందే మిగిలిన పిల్లకు కొత్త జోడీని వెతకండి. ఒక నెల ముగ్గుర్నీ కలిపి ఆడించండి. ఆ కొత్త పిల్ల ఇల్లు పాత పిల్ల ఇంటి దారిలోనే ఉంటే ఇంకా మంచిది. ఇంటి దారి ముందు, ఆట తర్వాత. ఇది ఏ కోచింగ్ పుస్తకంలోనూ ఉండదు, మన మండలాల్లో పనికొస్తుంది.

తల్లిదండ్రులకు. హాస్టల్ సీటు కబురు చుట్టాలకు చెప్పేముందు బిడ్డకు చెప్పండి. వాడు మొదట అడిగే ప్రశ్న ‘ఇంకెవరెవరొస్తున్నారు’ అని. జవాబు తెలుసుకుని ఉండండి. పాత జట్టులో ఒకరిద్దరి ఇళ్ళ ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. హాస్టల్లో ఆదివారం ఫోన్ చేసుకోనిస్తారు, ఆ పది నిమిషాల్లో రెండు మీరు తీసుకుని మిగిలినవి వాళ్ళకు వదిలేయండి.

ఇక ఈ ఏటి సెలక్షన్లకు పిల్లల్ని పంపే తల్లులకు. ఎవరి పిల్లతో ఎవరి పిల్ల వెళ్తుందో, వెంట ఏ రోజు ఎవరు వెళ్తారో, ఆటో బాడుగ ఎలా పంచుకుంటారో ముందే కూర్చుని తేల్చుకోండి. ఇద్దరు కాకుండా ముగ్గురు తల్లులు కలవండి. ఒకరి పిల్ల పై జట్టుకు వెళ్ళిపోయినా, ఇక్కడ ఇంకా ఇద్దరుంటారు. మీ బళ్ళో ఆడపిల్లల జట్టుకు వెంట వెళ్ళే టీచరమ్మ ఎవరో హెడ్మాస్టారును అడగండి, అడిగితే చెప్పవలసిన బాధ్యత వారిది. పుట్టిన తేదీ కాగితం, ఆధార్ జిరాక్సు రెండేసి కాపీలు పెట్టుకోండి.